ఇతరములు అనే ప్రాజెక్టు

నాగవేణి ఆన్‌లైన్ సర్వీసెస్ అనే కంపెనీ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మిఠాయి కొట్టు పైన, రెండో అంతస్తులో ఉండేది. నాగవేణి గారు ఆ మెట్లు ఎక్కింది ప్రారంభోత్సవం నాడు ఒక్కసారే. ఆవిడ యజమాని గోపీనాథ్ గారి భార్య. ఆవిడ పేరు పెడితే కలిసొస్తుందని ఎవరో చెప్పారు, పెట్టారు. గోపీనాథ్ గారిది మూడు తరాల చేనేత చీరల వ్యాపారం. చీరల్లో కొత్తగా చేయడానికి తాతగారూ నాన్నగారూ తనకేమీ మిగల్చలేదన్న దిగులుతో ఆయన కంప్యూటర్లలోకి దిగారు.

2008 నాటికి ఆ కంపెనీ మూడు పనులు చేస్తోంది. ప్రైవేటు బస్సులకు ఇంటర్నెట్లో టికెట్లు అమ్మడం ఒకటి. పటమట, మొగల్రాజపురం ఇళ్ళకు కేబుల్ మీద ఇంటర్నెట్ ఇవ్వడం రెండోది. ఇక మూడోది, డెల్టాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ తరఫున చెరుకు రైతులకు కటింగ్ ఆర్డర్లు పంపడం. ఏ రైతు తోట ఏ రోజు నరకాలో ఫ్యాక్టరీ చెబుతుంది. ఇదివరకు ఆ కబురు చీటీ మీద రాసుకుని ఫ్యాక్టరీ మనిషి సైకిల్ మీద వచ్చేవాడు. ఇప్పుడు సెల్‌ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. సైకిలు మనిషికి దారిలో పంక్చర్ పడితే ఆ సంగతి ఊరందరికీ తెలిసేది. మెసేజ్‌కి ఆ సౌకర్యం లేదు.

ఈ మూడూ నడుస్తున్నాయో లేదో చూసుకోవాల్సింది జహీదా. ఆమె హోదా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్. అంటే సర్వర్ ఆగినా, ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, జనరల్ మేనేజర్ గారి ఈమెయిల్లో తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనిపించినా ఆమెనే పిలుస్తారు. రోజూ కొండపల్లి నుంచి బస్సులో వచ్చేది. తండ్రి కాశిం అక్కడి థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో పనిచేసి రిటైరయ్యాడు.

ఆ జనవరిలో గోపీనాథ్ గారు హైదరాబాదు వెళ్ళి ఒక పెద్ద కంపెనీ చూసొచ్చారు. అక్కడ గోడ నిండా టీవీలట. టీవీల నిండా పచ్చటి డబ్బాలట. అక్కడివాళ్ళెవరూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోవడం లేదట, అందరూ గోడకేసి చూస్తూ జీతం తీసుకుంటున్నారట.

"మనకీ ఒక గోడ కావాలమ్మా," అన్నారు జహీదాతో. "వచ్చే నెల పెట్టుబడి పెట్టేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. వాళ్ళొచ్చేసరికి గోడ వెలిగిపోవాలి."

జహీదాకి నిజంగానే సంతోషం కలిగింది. అలాంటి సాఫ్ట్‌వేర్ కావాలని ఆమె ఏడాదిగా అడుగుతోంది. పని ఆగిందన్న సంగతి కస్టమర్ తిట్టాక కాకుండా, తిట్టడానికి ముందే తెలుస్తుంది. ఆ సాయంత్రం ఇంట్లో చెబితే కాశిం చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాడు.

"ప్యానెల్ పెడుతున్నారన్నమాట! మంచిదే. కానీ బేటీ, లైటు వెలిగితే ఎవరు లేవాలో ముందు రాసుకో. లైట్లు తర్వాతైనా కొనుక్కోవచ్చు."

"రాస్తాను అబ్బాజాన్."

"ఇంకోటి. ఊరికే మోగే గంటని మనిషి రెండో రోజుకల్లా చూడకుండానే నొక్కి ఆపేస్తాడు. అసలు గంట మోగినప్పుడూ వేలు దానంతటదే పోయి నొక్కేస్తుంది. గంటలు తక్కువ పెట్టు."

సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరికింది. తెరవగానే అది అడిగిన మొదటి ప్రశ్న: ప్రాజెక్టు పేరేమిటి? ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలో ప్రాజెక్టు అంటే ఒక గది. ఒక పనికి కావలసిన సర్వర్లూ, లైన్లూ, వాటికి పెట్టే పరీక్షలూ అన్నీ అందులో సర్దాలి. ఆ పని ఆగితే ఎవరి సెల్‌ఫోన్‌కి మెసేజ్ వెళ్ళాలో ఆ గది మీద పేరు రాయాలి. జహీదా ఒక కాగితం మీద మూడు గదులు గీసింది: బస్సు టికెట్లు, కేబుల్ ఇంటర్నెట్, చెరుకు మెసేజ్‌లు. చెరుకు గదిలో రెండు పరీక్షలు రాసింది. మెసేజ్‌లు పంపే మోడెమ్ వెలుగుతోందా అన్నది ఒకటి, పంపాల్సిన మెసేజ్ అరగంటలో నిజంగా బయటికి వెళ్ళిందా అన్నది రెండోది. దాంతో పని అయిపోయిందనుకుంది. ఇంకా మీటింగ్ కాలేదు మరి.

మీటింగ్‌లో గోపీనాథ్ గారు ఆ కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూశారు. "మూడేనా? మూడు డబ్బాలకి నలభై రెండంగుళాల టీవీ దేనికమ్మా?"

జనరల్ మేనేజర్ వెంకటసుబ్బారావు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఏదో ప్రభుత్వ శాఖలో సూపరింటెండెంట్‌గా రిటైరై, ఫైలు కనిపించని లోటు భరించలేక ఇక్కడ చేరారు.

"అసలు విభజనే తప్పండీ," అన్నారు. "పనిని బట్టి విభజించకూడదు. రేపు బస్సు టికెట్లు మానేశామనుకోండి, ప్రాజెక్టు పోతుంది. హోదాని బట్టి విభజించాలి. హోదా ఎక్కడికీ పోదు కదా."

"కానీ సార్, ఏదైనా ఆగినప్పుడు హోదాని బట్టి ఆగదండి," అంది జహీదా.

"అందుకే కదమ్మా మనం క్రమశిక్షణలో పెట్టేది."

రెండు గంటలు చర్చించాక మూడు కాస్తా పదకొండయ్యాయి. మేనేజింగ్ డైరెక్టర్ ప్రాజెక్టు అన్నిటికన్నా పైన, బంగారు అంచుతో. దాని కింద జనరల్ మేనేజర్ ప్రాజెక్టు, అంచు లేకుండా. బస్సు టికెట్ల సర్వర్ మొదటిదానిలోకి, కేబుల్ లైన్లు రెండోదానిలోకి వెళ్ళాయి. సేల్స్ వాళ్ళు తమకేమీ రాలేదని మొహం మాడ్చుకుంటే, బస్సు టికెట్ల సర్వర్‌కి వెన్నెముకలాంటి డేటాబేస్‌ని విడదీసి వాళ్ళ చేతిలో పెట్టారు. సిబ్బంది విభాగానికి ఒక ప్రాజెక్టు వచ్చింది. ఆ విభాగంలో ఉన్నది మార్త ఒక్కతే, ఆమె కూడా మిగతా సమయమంతా రిసెప్షన్‌లో ఫోన్లెత్తుతుంది. తనకో ప్రాజెక్టు వచ్చిందని తెలిసి మార్త, "దాన్నేం చెయ్యాలక్కా?" అని జహీదాని భయంగా అడిగింది.

"చెరుకు ఎక్కడ పెట్టమంటారు సార్?" అంది జహీదా చివర్లో.

చెరుకు ఎవరికీ అక్కర్లేదు. హైదరాబాదు నుంచి వచ్చే సూటువాళ్ళకి చెరుకు చూపిస్తే ఏం బావుంటుంది?

"ఇతరములు," అన్నారు వెంకటసుబ్బారావు గారు. ప్రతి ఫైలుకీ చివర ఆ శీర్షిక ఉండడం ఆయనకి అలవాటే. ఇతరములులో అప్పటికే ప్రింటర్, హాజరు మెషీన్, మెట్ల దగ్గర కెమెరా ఉన్నాయి. వాటి పక్కన చెరుకు చేరింది, నాలుగువేల మంది రైతులతో సహా.

పదకొండు ప్రాజెక్టులకీ బాధ్యుడిగా తన నెంబరే ఉండాలన్నారు ఆయన. అది కొత్తేమీ కాదు. మోడెమ్‌లో వేసిన సిమ్ కార్డు కూడా ఆయన పేరు మీదే ఉండాలని అప్పట్లో పట్టుబట్టి తీసుకున్నారు. హెచ్చరికలు పంపడానికి వేరే మోడెమ్ కావాలని జహీదా అడిగింది. "చెరుకు మోడెమే ఆగిపోతే, ఆగిందన్న సంగతి కూడా అందులోంచి వెళ్ళదు కదండీ."

"ఆగినప్పుడు చూద్దాం."

ఆమె ఇంటికి వెళ్ళి, మూలన పడేసిన తన పాత సెల్‌ఫోన్ తెచ్చి, వైరుతో సర్వర్‌కి కలిపి, అందులో ఒక సిమ్ వేసింది. అలా ఆ గోడకి నోరొచ్చింది.

వచ్చిన నోరు ఊరుకుంటుందా? మొదటి రోజే వెంకటసుబ్బారావు గారి ఫోన్‌కి నూట అరవైమూడు మెసేజ్‌లు వెళ్ళాయి. అందులో నూట యాభై ప్రింటర్ పంపినవే. కాగితం అయిపోయిందని అది నిమిష నిమిషానికీ మొరపెట్టుకుంది. ఆ పూట ఆయన గుడివాడలో పెళ్ళి భోజనానికి కూర్చున్నారు. చేతికి పప్పు అంటుకుని ఉండగా జేబులో ఫోన్ ఆగకుండా గుయ్యిమంటుంటే, పక్కన కూర్చున్న వియ్యాలవారు ఆయనకేదో జబ్బనుకున్నారట.

మర్నాడు ఆఫీసుకి రాగానే ఆజ్ఞ జారీ చేశారు. "ఇతరములు నుంచి ఒక్క మెసేజ్ కూడా రాకూడదు."

"ప్రింటర్ ఒక్కటే ఆపుతానండి. అందులో చెరుకు కూడా ఉంది."

"ఒకే ప్రాజెక్టులో ఒకటి మాట్లాడి ఇంకోటి నోరు మూసుకుంటే పద్ధతేముందమ్మా? మొత్తం ఆపండి."

"అయితే రాసివ్వండి సార్."

ఆ మాటకి ఆయన మొహం వికసించింది. రాసివ్వమని అడిగేవాళ్ళు లేకే కదా ఆయన ఇన్నాళ్ళూ చిక్కిపోయింది. ఫైలు నెంబరు వేసి, కింద తేదీ వేసి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి ఇచ్చారు. జహీదా ఇతరములు నోరు నొక్కేసి, ఆ కాగితాన్ని సొరుగులో పెట్టింది.

తర్వాత రంగుల గొడవ మొదలైంది. ఏదైనా ఆగితే ఆ డబ్బా ఎర్రగా మారుతుంది. గోపీనాథ్ గారికి ఎరుపు నచ్చలేదు. "వచ్చినవాళ్ళ ముందు ఎరుపు కనపడితే ఏం బావుంటుంది? కాస్త మెత్తటి రంగు వెయ్యి." నారింజ వేస్తే గాఢంగా ఉందన్నారు. పసుపు వేస్తే టీవీలో మురికిగా కనిపిస్తోందన్నారు. చివరికి ఆయనే కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. రంగుల దగ్గర ఆయనకి సాటి లేదు. అంతా బావుంటే చిలకపచ్చ, కొంచెం తేడా ఉంటే లేతాకుపచ్చ, పూర్తిగా ఆగిపోతే మామిడి పిందె రంగు. మూడూ పక్కపక్కన పెడితే ఒకే చీర మీద అంచూ, ఒళ్ళూ, కొంగూ లాగా కుదిరాయి. "చూశావా, ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నారాయన.

నిజంగానే ప్రశాంతంగా ఉంది. ఇక ఆ ఆఫీసులో ఏది కూలిపోయినా పచ్చగానే కూలిపోతుంది.

ఫిబ్రవరిలో ఆ పెట్టుబడి పెద్దమనుషులు రావాల్సిన వారమంతా జహీదా గోడకే అంకితమైంది. టీవీ ఎత్తు సరిచేయడం, బంగారు అంచు మందం పెంచడం, మేనేజింగ్ డైరెక్టర్ ప్రాజెక్టు పక్కన చిన్న దీపం బొమ్మ పెట్టడం. గురువారం ఉదయం పదకొండింటికి సూట్లలో ముగ్గురు వచ్చారు. గోపీనాథ్ గారు చేతులు చాచి గోడని చూపించారు. వెంకటసుబ్బారావు గారు పదకొండు ప్రాజెక్టుల గురించీ పదకొండు మాటలు రాసుకొచ్చి చదువుతున్నారు.

ఏడో మాట దగ్గర తలుపు తెరుచుకుంది. ముందు మార్త, ఆమెని దాటుకుని ఒక యాభై ఏళ్ళ ఆవిడ, ఆవిడ వెనక నలుగురు రైతులు.

"ఆగమంటే ఆగట్లేదండీ," అంది మార్త.

"ఆగీ ఆగీ వచ్చామమ్మా," అంది ఆవిడ. ఆవిడ పేరు అమలమ్మ. అవనిగడ్డ బస్సు దిగి సరాసరి వచ్చింది. ఎకరన్నర కౌలుకి చేస్తోంది. "మా చెరుక్కి సోమారం కటింగని ఫ్యాక్టరీవోళ్ళు అంటన్నారు. మాకు మెసేజే రాలా. ఇయ్యాలో రేపో వస్తదని నరికే ముఠాని పిలిపించుకుని మూడ్రోజులుగా కూకోబెట్టా. ఇయ్యాల ఎల్లి అడిగితే, నీ వంతు అయిపోయింది, మెసేజ్ పంపాం, నువ్వే రాలేదు, మళ్ళీ అందరి ఎనకాలకి పో అన్నారు. ఎవురు పంపారయ్యా అంటే ఈ అడ్రసిచ్చారు. పంపారా మీరు?"

"తప్పకుండా పంపే ఉంటామమ్మా," అన్నారు గోపీనాథ్ గారు నవ్వు చెదరకుండా. "చూడండి, అంతా పచ్చగా ఉంది."

అమలమ్మ టీవీకేసి చూసింది. "ఇందులో మాదేది?"

జహీదా వెళ్ళి కింద కుడివైపు మూలనున్న చిన్న డబ్బా మీద వేలు పెట్టింది. అప్పుడే చూసిందామె. వేలి కింద ఉన్నది చిలకపచ్చ కాదు. మూడు రోజులుగా ఈ టీవీ ఎదురుగానే నిలబడి అంచులు దిద్దింది, దీపం బొమ్మ పెట్టింది, ఈ మూలకి చూపు పోలేదు.

"ఏం రాసుందమ్మా దాని మీద?"

"ఇతరములు."

"ఇతరములంటే మేవేనా?" అంది అమలమ్మ. కోపంగా కూడా అనలేదు, తెలుసుకుందామని అడిగినట్టు అంది.

సూట్లలో ఉన్న ముగ్గురిలో పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఆ ఒక్కటీ కొంచెం పాలిపోయినట్టు ఉందేమిటండీ?"

"షేడండీ, షేడు. మామిడి పిందె," అన్నారు గోపీనాథ్ గారు.

"అది ఎరుపండి," అంది జహీదా. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఆగిపోయింది. రంగు మార్చాం, అందుకని పచ్చగా కనిపిస్తోంది." కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి ఆ డబ్బా లోపలి చిట్టా తెరిచింది. "సోమవారం పొద్దున తొమ్మిదీ పన్నెండు నుంచి ఒక్క మెసేజ్ కూడా బయటికి వెళ్ళలేదు. మోడెమ్ వెలుగుతూనే ఉంది, పని మాత్రం చేయడం లేదు."

"మరి మాకు చెప్పాలి కదమ్మా!" అన్నారు వెంకటసుబ్బారావు గారు.

జహీదా సొరుగు తీసి ఆకుపచ్చ సంతకం ఉన్న కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని చాలాసేపు చదివారు. అందులో భాషాదోషం ఒక్కటి కూడా దొరకలేదు.

సర్వర్ గదిలోకి వెళ్ళి చూస్తే సిమ్ కార్డు చచ్చిపోయి ఉంది. ఫోన్ కంపెనీకి కాల్ చేస్తే, చిరునామా రుజువు కాగితాలు ఇవ్వనందువల్ల కట్ చేశామనీ, సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఆయనకి రెండుసార్లు ఉత్తరం రాశామనీ చెప్పారు. ఆ ఉత్తరాలు వెంకటసుబ్బారావు గారి టేబుల్ మీద ఒక ఫైల్లో భద్రంగా ఉన్నాయి. ఫైలు పేరు ఏమిటో ఎవరూ అడగలేదు.

జహీదా తను రోజూ వాడే ఫోన్లోంచి సిమ్ తీసి మోడెమ్‌లో వేసింది. మోడెమ్‌కి ప్రాణం వచ్చింది. తెర మీద పదిహేను వందల చిల్లర మెసేజ్‌లు వరసలో నిలబడి ఉన్నాయి.

"వదలండమ్మా, వదలండి," అన్నారు వెంకటసుబ్బారావు గారు వెనక నుంచి. "అన్నీ ఒక్కసారి పోతే వచ్చినవాళ్ళకి అంకె బావుంటుంది."

ఆమె వేలు మీట మీదే ఉంది. ఒక్క క్షణం ఆమెకీ అదే సబబనిపించింది. మూడు రోజుల తప్పు అర నిమిషంలో కడిగేసుకోవచ్చు.

"ఎక్కడికి ఒదిలేది?" అంది గుమ్మంలోంచి అమలమ్మ. "సోమారం కబురూ, మంగళారం కబురూ, ఇయ్యాల్టి కబురూ ఒక్కపాలి పోతే ఊళ్ళకూళ్ళు కత్తులు పట్టుకుని తోటల్లోకి దిగుతయ్. బళ్ళూ ట్రాక్టర్లూ అన్నీ గేటుకాడే నిలబడిపోతయ్. నరికిన చెరుకు ఎండకి సచ్చుద్ది. నరక్కపోతేనే నయం."

జహీదా వేలు తీసేసింది. వరస మొత్తం ఆపి, ఫ్యాక్టరీ చెరుకు విభాగానికి ఫోన్ చేసింది. అక్కడి ఆఫీసర్ మొదట నమ్మలేదు. రైతులు ఆలస్యంగా వచ్చి మెసేజ్ రాలేదనడం మామూలేనన్నాడు. ఆమె చిట్టా చదివి వినిపించింది, ఏ నిమిషానికి ఆగిందో, ఏయే నెంబర్లకి పోలేదో. అవి ముద్రించి, కంపెనీ సంతకంతో ఫ్యాక్స్ చేస్తే ఆ వంతులన్నీ మళ్ళీ కొత్తగా వేస్తానన్నాడు.

కాగితం సంతకానికి వచ్చేసరికి గోపీనాథ్ గారు కలం పట్టుకుని ఆగిపోయారు. తప్పు మాదే అని కంపెనీ కాగితం మీద రాయడం ఆయన వంశంలో లేదు. కానీ సూట్లలో ఉన్న ముగ్గురూ చూస్తున్నారు. అమలమ్మ కూడా చూస్తోంది. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "మా సంస్థలో నిజాయితీకే మొదటి స్థానం," అని ఘనంగా ప్రకటించి సంతకం పెట్టారు.

ఫ్యాక్స్ వెళ్ళాక పెద్దాయన జహీదా దగ్గరికి వచ్చి అడిగాడు. "ఈ రంగులూ, పదకొండు ప్రాజెక్టులూ మీ ఆలోచనేనా?"

"లేదండి. నాది మూడే."

ఆ మూడింటి కాగితం ఎక్కడుందని అడిగి తీసుకుని చూశాడాయన. మర్నాడు గోపీనాథ్ గారే ఫోన్లో ఎవరితోనో, పదకొండుని కుదించి మూడు చెయ్యాలన్నది తన చిరకాల కోరిక అని చెబుతుండగా మార్త విని జహీదాకి చెప్పింది.

కొత్తగా సర్దేటప్పుడు చెరుకు మెసేజ్‌ల గది ముందు జహీదా ఆగింది. ఆగితే ఎవరికి చెప్పాలి? తన నెంబరు వేసుకుంది. వెంకటసుబ్బారావు గారి నెంబరు తీసేస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారని అదీ ఉంచింది. ఇద్దరూ చాలరనిపించింది. తను ఎదురుగా నిలబడి కూడా చూడలేదు కదా. ఆ గురువారం వెళ్ళేముందు అమలమ్మ మెట్ల మీద అన్న మాటే చివరికి చేసింది. "నా నెంబరు రాసుకో తల్లీ. మీకు తెలిసినా తెలవకపోయినా నాకు తెలిస్తే సాలు. నేను కొట్టి లేపుతా." జహీదా మూడో పేరుగా అమలమ్మ అని రాసి, మొదటి రెండు నెంబర్లూ ఆవిడకి ఇచ్చింది. ఆగిపోతే ఎరుపు అని కూడా మార్చింది. ఎవరినీ అడగలేదు.

కొత్త వంతుల కబుర్లు జహీదా సిమ్ నుంచే వెళ్ళాయి కాబట్టి, కంపెనీకి వేరే సిమ్ వచ్చి, ఆమె తనదాన్ని మోడెమ్‌లోంచి తీసి తిరిగి ఫోన్లో వేసుకున్నాక కూడా రెండు వారాలపాటు రైతులు ఆమెకే ఫోన్లు చేశారు. ఇంట్లో ఉన్నప్పుడు కాశిమే ఎత్తేవాడు. ఎవరి తోట ఏ రోజో, ఎవరి కాలవకి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఆయనకి కంఠతా వచ్చేసింది. పేపరు చదవడం మానేశాడు.

పెట్టుబడి సంగతి తేల్చడానికి ఆ ముగ్గురూ మార్చిలో మళ్ళీ వచ్చారు. వెంకటసుబ్బారావు గారు, రైతుల్ని కూడా వ్యవస్థలో భాగస్వాములు చేయాలన్న తన ఆశయం గురించి మూడు మాటలు రాసుకొచ్చారు. రెండో మాట దగ్గర గోడ మీద మూడో డబ్బా ఎర్రబడింది. జహీదా లేవబోయింది. అంతలోనే ఆయన జేబులో ఫోన్ మోగింది. ఎత్తారు. అవతలి గొంతు గది మొత్తానికి వినిపించింది.

"ఏందయ్యా, ఆగిందంట! నాకు మెసేజొచ్చింది, నీకు రాలా? నిలబడి మాట్టాడతన్నావా, ఎల్లి చూస్తన్నావా?"

"చూస్తున్నానమ్మా... ఇప్పుడే వెళుతున్నా..." అంటూ ఆయన కాగితం కుర్చీలో పెట్టి బయల్దేరారు. కంపెనీలో చేరిన నాటి నుంచి ఆయన సర్వర్ గదిలోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. తుడిచే ఆవిడ చీపురు తగిలి మోడెమ్ వైరు ఊడి కింద పడి ఉంది. కాసేపటికి లోపలి నుంచి కేక వినిపించింది.

"జహీదా గారూ, ఇక్కడ వైరొకటి పడుందండీ! ఏం చెయ్యను?"

"ఎత్తి మోడెమ్‌కి పెట్టండి సార్," అంది జహీదా, కూర్చున్నచోటు నుంచి లేవకుండా. "గట్టిగా లోపలికి తొయ్యండి."